కంట్లో చుక్కలు వేసే ముందు ఆ పచ్చరంగు చూడాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తెనాలి. మా పిల్లి పేరు గుండు. మూడేళ్ల మగపిల్లి, ఆపరేషన్ చేయించాం. ఎక్కువగా పెరుగన్నం, అప్పుడప్పుడు చేప తింటుంది. నెల క్రితం ఇల్లు మారాం. ఐదు రోజులుగా దాని ఎడమ కన్ను సగం మూసుకునే ఉంటోంది. నీళ్లు కారి ముక్కు పక్కన గోధుమరంగు చారలు కట్టాయి. మా బాబుకి కళ్లకలక వచ్చినప్పుడు తెచ్చిన చుక్కల మందు మిగిలి ఉంటే రెండు రోజులు వేశాను. మొదటి రోజు ఎరుపు తగ్గినట్టే అనిపించింది. ఇప్పుడేమో నల్లగుడ్డు మీద నీలంగా పొరలాంటిది కనిపిస్తోంది. చనుబాలు పిండితే పోతుందని మా అత్తగారంటున్నారు. ఇక్కడి పశువుల డాక్టరు గారు పరికరాలున్న చోటికి తీసుకెళ్లమన్నారు. అక్షరాలు చదవలేని పిల్లికి కంటి పరీక్ష ఎలా చేస్తారండీ? మీరు మందు పేరు రాస్తే సరిపోదా? ఇది మా బాబుకి అంటుకుంటుందా? ఇంకొకటి, హైదరాబాద్‌లో మా పెద్దమ్మ వాళ్ల పద్నాలుగేళ్ల పిల్లి రెండు రోజులుగా కుర్చీలకి గుద్దుకుంటోందట. వయసైపోయింది కదా, శుక్లాలంటారా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఈ జవాబు పూర్తిగా చదివే ముందు మీ పెద్దమ్మగారికి ఫోన్ చేయండి. ఉత్తరం చివర ‘ఇంకొకటి’ అంటూ రాశారే, రెండింట్లో తొందరపడాల్సింది దానికే. శుక్లం రెండు రోజుల్లో రాదు, మెల్లగా ముదురుతుంది. ముసలి పిల్లి ఉన్నట్టుండి గుద్దుకోవడం మొదలుపెడితే మేం మొదట అనుమానించేది బీపీని. ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక గుండు సంగతి. మందు పేరు రాయలేను, కోప్పడకండి. మీరు రాసిన లక్షణాలకు సరిపోయే జబ్బులు నాలుగైదు ఉన్నాయి, ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాంట్లో కన్ను తీసేస్తుంది. మీ చేతిలో ఉన్న సీసా లేబుల్ ఒకసారి చదవండి. డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్ కలిసిన మందు. మన మెడికల్ షాపుల్లో కళ్లకలకకని అడిగితే యాంటీబయాటిక్‌తో పాటు ఇది కలిసిన చుక్కలు ఇచ్చేయడం మామూలే. ఏ పేరున్నా లేకపోయినా ఇప్పటికి ఆపేయండి, సీసా మాత్రం పారేయకండి.

మొదటి రోజు ఎరుపు తగ్గిందన్నారు కదా, నాకు భయం వేసింది అక్కడే. స్టెరాయిడ్ వాపునీ ఎరుపునీ ఇట్టే తగ్గిస్తుంది, చూసేవాళ్లకి మందు పట్టిందనిపిస్తుంది. కానీ నల్లగుడ్డు మీద పుండు ఉంటే అది మానకుండా అడ్డుపడుతుంది. లోపల వైరస్ ఉంటే దానికి పగ్గాలు వదిలేసినట్టే. నల్లగుడ్డు పైన అద్దంలా ఉండే పొరని కార్నియా అంటాం. పిల్లిలో దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్త మందంలో పుండు కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుంది?

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక పర్షియన్ పిల్లిని తెచ్చారు. కార్నియా మీద పుండుందో లేదో చూపించే రంగు పరీక్ష పట్టీలు ఆ రోజు నా దగ్గర అయిపోయాయి. కన్ను ఎర్రగా ఉంది, పుసి ఉంది, కలకే అనుకుని చుక్కలు రాసిచ్చాను. ఆరో రోజు తెచ్చేసరికి పుండు కార్నియాని చిల్లు పొడిచేసింది. కన్ను తీసేయాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్లు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపిస్తుంది ఇప్పటికీ. ఆ రోజు నుంచి పట్టీల డబ్బా ఖాళీ అయితే కంటి కేసు ముట్టుకోను.

అక్షరాలు చదవలేని పిల్లిని ఎలా పరీక్షిస్తారని అడిగారు. నిజానికి పరీక్ష పిల్లిని ముట్టుకోకముందే మొదలవుతుంది. బుట్ట మూత తీసి నేల మీద పెట్టి దూరంగా కూర్చుంటాం. అది ఎలా దిగుతోంది, గోడ వెంట మీసాలు రాసుకుంటూ నడుస్తోందా, ఏ కన్ను చికిలిస్తోంది, రెండు కంటిపాపలూ ఒకే సైజులో ఉన్నాయా, ఇవన్నీ అప్పుడే కనిపిస్తాయి. పట్టుకున్నాక పిల్లి బెదురుతుంది, బెదిరిన పిల్లి కంటిపాపలు పెద్దవైపోతాయి. అప్పుడు చూసి లాభం లేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందని సామెత. మా దగ్గరికి వచ్చే పిల్లి ఒక కన్ను మూసిందంటే మాత్రం అది నొప్పే. పిల్లులు నొప్పిని బాగా దాచుకుంటాయి, చాలాసార్లు అరవవు, అన్నం కూడా మానవు. అప్పుడు ఆ చికిలింపు ఒక్కటే అవి ఇచ్చే సాక్ష్యం.

చూపు ఉందా లేదా అన్నదానికి చిన్న దూదిపింజ చాలు. దాని ముందు పైనుంచి వదులుతాం. దూదికి చప్పుడు ఉండదు, వాసనా ఉండదు. కంటితో చూస్తేనే తల తిప్పుతుంది. తర్వాత చెయ్యి కంటి మీదికి తెచ్చినట్టు బెదిరిస్తాం. రెప్ప కొడితే చూస్తున్నట్టే. ఇందులో ఒక తిరకాసు ఉంది. చెయ్యి విసురుగా ఊపితే గాలి మీసాలకు తగిలి, గుడ్డి పిల్లి కూడా రెప్ప వేస్తుంది. ఇంట్లో మీరు చేసి చూస్తే ఈ గాలి సంగతి గుర్తుంచుకోండి. టార్చి వేస్తే కంటిపాప సన్నబడుతోంది కాబట్టి చూపు ఉన్నట్టే అనుకోవడమూ తప్పే. చూపు లేకపోయినా ఆ కదలిక మిగిలి ఉండే సందర్భాలున్నాయి.

దీపాలార్పి, చెయ్యి చాచినంత దూరం నుంచి సన్నటి వెలుగు వేస్తే రెండు కళ్లూ మెరుస్తాయి. రాత్రి గోడ మీద పిల్లి కళ్లు మెరిసే ఆ మెరుపే. ఆ వెలుగు ముందు కార్నియా మీది మచ్చ గానీ లోపలి శుక్లం గానీ నల్లటి నీడలా తేలుతుంది. రెండు కంటిపాపల తేడా కూడా ఇంతకంటే బాగా ఇంకెక్కడా తెలియదు. చవకైన పరీక్ష, కానీ ఓపికగా చేసేవాళ్లు తక్కువ.

ఇక్కణ్ణించి వరస ముఖ్యం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తప్పితే తర్వాతి పరీక్షలన్నీ అబద్ధాలు చెబుతాయి. కంట్లో ఏ చుక్కా వేయకముందే కన్నీళ్లు కొలవాలి. సన్నటి కాగితం పట్టీ కింది రెప్పలో ఒక నిమిషం పెట్టి, ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తాం. దీన్ని షిర్మర్ పరీక్ష అంటారు. కుక్కల్లో 15 దాటితే కంటి తడి బాగుందని చెప్పేస్తాం. పిల్లుల్లో అంత ధీమా పనికిరాదు, భయంతోనే కన్నీళ్లు తగ్గిపోతాయి, ఆరోగ్యంగా ఉన్న పిల్లికీ చాలా తక్కువ రావచ్చు. రెండో కంటితో పోల్చి చూడాలి. క్రిముల కల్చర్‌కి, అంటే ల్యాబులో పెంచి ఏ క్రిమో తేల్చడానికి, పుసి తీయాలంటే అదీ ఇప్పుడే, మొద్దుబార్చే చుక్కలు వేయకముందే తీయాలి.

తర్వాత వచ్చేదే నేను ఇందాకటి నుంచి చెబుతున్న రంగు పరీక్ష. నారింజరంగు ఫ్లోరెసిన్ పూసిన కాగితం పట్టీని సెలైన్‌తో తడిపి, ఆ చుక్క కంట్లో పడనిస్తాం. కాసేపాగి కడిగేసి నీలిరంగు దీపం కింద చూస్తాం. ఈ రంగు నీళ్లలో కరిగేది. కార్నియా పైపొరకేమో నీళ్లను అంటనివ్వని గుణం ఉంది. పైపొర చెక్కుచెదరకుండా ఉంటే రంగంతా కడుక్కుపోతుంది. ఎక్కడ ఆ పొర లేచిపోయిందో అక్కడ కింది పొర రంగు పీల్చుకుని చిలకపచ్చగా మెరుస్తుంది. పుండు ఎంతుంది, ఏ ఆకారంలో ఉంది, అంచులు ఎలా ఉన్నాయి అన్నీ బొమ్మ గీసినట్టు కనిపిస్తాయి. చెట్టుకొమ్మల్లా సన్నటి గీతలు చీలి కనిపిస్తే అది పిల్లుల హెర్పిస్ వైరస్ సంతకం. గుండ్రంగా ఒక చోటే ఉంటే గోరు తగిలిందా, రెప్ప లోపలికి మడతపడి వెంట్రుకలు గీసుకుంటున్నాయా, కంటి లోపలి మూలన పిల్లికి ఉండే మూడో రెప్ప వెనక నలుసు ఇరుక్కుందా అని వెతుకుతాం. పుండు అంచు మాత్రమే పచ్చగా మెరిసి నడుమ నల్లగా, ఖాళీగా ఉంటే గుండె ఝల్లుమంటుంది. మధ్యలో రంగు పట్టలేదంటే నయమైందని కాదు, పుండు చిట్టచివరి పొర దాకా దిగిందని. ఆ పొర రంగు పీల్చదు. ఆ పిల్లికి అదే రోజు ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి.

కాసేపటికి ఆ పచ్చరంగు ముక్కులోంచి కూడా కారవచ్చు. కంగారుపడకండి, కన్నీటి గొట్టం మూసుకుపోలేదని అర్థం.

ఆ తర్వాత మొద్దుబార్చే చుక్క వేసి కంటి ప్రెషర్ కొలుస్తాం. పెన్నులాంటి పరికరం, టోనోమీటర్ అంటారు. పిల్లుల్లో 10 నుంచి 25 మధ్య ఉంటే మామూలు. తక్కువుంటే కన్ను లోపల వాపు, ఎక్కువుంటే నీటికాసులు. మెడ గట్టిగా అదిమి పట్టుకుంటే ప్రెషర్ దొంగగా పెరుగుతుంది కాబట్టి, మీరు పట్టుకోవాల్సి వస్తే దవడ కింద వదులుగా పట్టుకోండి. ఒక మాట, ఆ మొద్దుబార్చే చుక్కలు వేయగానే మీ పిల్లి హాయిగా కన్ను తెరుస్తుంది. ‘డాక్టర్ గారూ, ఈ మందే ఇవ్వండి’ అని చాలామంది అడుగుతారు. అది ఇంటికిచ్చే మందు కాదు. పదేపదే వేస్తే పుండు మానదు.

ప్రెషర్ బాగుందని తేలాకే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కంటి వెనక బొమ్మ పడే పొరని, అంటే రెటీనాని చూస్తాం. ఆ చుక్కలు చేదు. కంటి నుంచి గొంతులోకి దిగగానే పిల్లి నురగలు కక్కుతుంది, అది విషం కాదు, రుచి నచ్చకే.

గుండుకి ఏమై ఉంటుంది? కన్ను చూడకుండా తేల్చను గానీ, నా అనుమానాలు చెబుతాను. నీలం పొర అంటే కార్నియాలోకి నీరు దిగి ఉబ్బింది. ‘కంట్లో పువ్వు’ అని పల్లెల్లో అనేది పాత మచ్చని, అది తెల్లగా ఉంటుంది. నీలం అంటే ఇప్పుడు జరుగుతున్న గొడవ. పుండు వల్ల కావచ్చు, కన్ను లోపలి వాపు వల్లా కావచ్చు. లోపలి వాపైతే స్లిట్ ల్యాంప్ అనే సన్నటి వెలుగు గీత వేసే మైక్రోస్కోప్ కింద, సినిమాహాల్లో ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము తేలినట్టు కణాలు తేలుతూ కనిపిస్తాయి. అప్పుడు కథ కంటితో ఆగదు. పిల్లుల్లో ఎఫ్ఐపీ (కరోనా జాతి వైరస్ తెచ్చే ప్రాణాంతక జబ్బు), లుకేమియా వైరస్, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి లాంటివి కంట్లో బయటపడతాయి, రక్తపరీక్షలు రాస్తారు. ముక్కు పక్క గోధుమరంగు చారలు మాత్రం రక్తం కాదు. పిల్లి కన్నీళ్లు ఆరితే ఆ రంగే వస్తుంది.

నెల క్రితం ఇల్లు మారామన్న మాట నన్ను హెర్పిస్ వైపు లాగుతోంది. పిల్లలుగా ఉన్నప్పుడే చాలా పిల్లులకి ఈ వైరస్ సోకుతుంది. తుమ్ములు తగ్గిపోతాయి గానీ వైరస్ పోదు, ముఖానికి వచ్చే నరం మొదట్లో దాక్కుంటుంది. కొత్త ఇల్లు, కొత్త పిల్లి, స్టెరాయిడ్ మందు, ఏదో ఒక టెన్షన్ రాగానే మళ్లీ కంటికి వస్తుంది. వైరస్ జన్యువుని పట్టే పీసీఆర్ పరీక్ష ఉంది, కానీ దాన్ని నేను అంతగా నమ్ముకోను. జబ్బు లేని పిల్లిలోనూ పాజిటివ్ రావచ్చు, జబ్బున్న పిల్లిలో నెగెటివ్ రావచ్చు. ఆ కొమ్మల పుండు కనబడితే అంతకు మించిన రుజువు అక్కర్లేదు. ఒకవేళ రెండు రెప్పల లోపలా బాగా ఉబ్బి, ఒక కంటితో మొదలై కొన్ని రోజులకి రెండోదానికీ పాకితే అది క్లామిడియా అనే బ్యాక్టీరియా కావచ్చు. దాని మందు పూర్తిగా వేరు. కార్నియా మీద తెల్లగా, పెరుగు తరకల్లా అంటుకుని ఉంటే మొద్దుబార్చి కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తాం. ఇసినోఫిల్ అనే ఒకరకం తెల్లరక్తకణాలు కనిపిస్తే, తమాషా ఏమిటంటే, దానికి మందు స్టెరాయిడే! అందుకే ఉత్తరంలో మందు పేరు రాయలేనన్నాను.

హెర్పిసే అని తేలితే ఇంట్లో ఉన్న అసైక్లోవిర్ బిళ్లలు మాత్రం వేయకండి. మనుషులకి వాడే ఆ మందు మింగిస్తే పిల్లి ఎముకల మూలుగని దెబ్బతీస్తుంది. పిల్లులకి ఫామ్‌సైక్లోవిర్ వాడతాం, మోతాదు డాక్టరే చెప్పాలి. నొప్పికి పారాసిటమాల్ అసలే వద్దు. ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు.

బాబు గురించి దిగులొద్దు. పిల్లుల హెర్పిస్ మనుషులకి అంటదు. క్లామిడియా అంటడం అరుదు, కన్ను తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. అటునుంచి ఇటు మాత్రం ఒకటి ఆపండి. బాబు వాడిన సీసా మొన కలక వచ్చిన కంటికి తగిలి ఉంటుంది, అదే మళ్లీ పిల్లి కంటికి తగిలించారు. తెరిచిన చుక్కల సీసా నెల దాటితే ఎవరికీ వాడకూడదు.

అత్తగారికి నా మాటగా చెప్పండి, చనుబాలలో మేలు చేసే గుణాలు లేవనను, కానీ పచ్చి పుండు మీద పాలు పోస్తే క్రిములకి విందు. నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టుకుంటే మా అమ్మకి చల్లగా ఉండేది, గుండు వాటిని ఉంచుకుంటుందనుకోను. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, బయట కట్టిన పుసి మెల్లగా తుడవడం అత్తగారికే అప్పజెప్పండి. ఆస్పత్రికి వెళ్లే రోజు పొద్దున మాత్రం తుడవొద్దు. ఆ పుసి రంగు, చిక్కదనం డాక్టరు చూడాలి.

పెరుగన్నం సంగతీ చెప్పాలి. గుండు ఎడమ కంటికి దీనికీ సంబంధం లేదు, కానీ రాశారు కాబట్టి వదలను. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే కావాలి, ఒంట్లో చాలినంత తయారు చేసుకోలేదు. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు. పాల ప్రోటీన్ మీద పెంచిన పిల్లుల రెటీనా టారిన్ లేక చెడిపోతుందని 1975లోనే అమెరికాలో తేల్చారు. తర్వాత గుండె కూడా దెబ్బతింటుందని తెలిసింది. చెడిన రెటీనా తిరిగి రాదు. రెటీనా చూస్తున్నప్పుడు ఈ జాడలున్నాయేమో అడగండి. చేప ‘అప్పుడప్పుడు’ కాదు, మాంసమో చేపో లేదా పిల్లుల కోసం చేసిన తిండో రోజూ ఉండాలి. కుక్కల తిండి పెట్టి సరిపెట్టొద్దు.

ఇప్పుడు పెద్దమ్మగారి పిల్లి. ముసలి పిల్లుల్లో కిడ్నీలు దెబ్బతిన్నా, థైరాయిడ్ ఎక్కువైనా బీపీ పెరుగుతుంది. పైకి ఏమీ తెలియదు. ఒక రోజు రెటీనా వెనక నీరు చేరి, గోడ నుంచి సున్నం పెచ్చు ఊడినట్టు ఊడిపోతుంది. కంటిపాపలు రెండూ పెద్దవై, వెలుగు వేసినా సన్నబడవు. ఒక్కోసారి మామూలు టార్చితోనే కంటిపాప వెనక రక్తనాళాలతో తెరలా వేలాడుతూ కనిపిస్తుంది.

బీపీ కొలవడం మనుషుల్లాగే, ముందుకాలికో తోకకో చిన్న పట్టీ చుట్టి. కానీ తొందరపడితే తప్పు లెక్క వస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అయిదు పది నిమిషాలు అలవాటు పడనిచ్చి, మొదటి లెక్క వదిలేసి, ఆ తర్వాత అయిదారుసార్లు కొలిచి సగటు తీయాలి. పై అంకె 160 దాటి, కంట్లో ఈ మార్పులు ఉంటే ఇక అనుమానం లేదు. 180 దాటితే చాలా ఎక్కువ. పిల్లులకి వాడేది ఎక్కువగా ఆమ్లోడిపిన్. మనుషుల మందే గదా అని పెద్దమ్మగారు తన బిళ్ల తుంచి వేయకూడదు, ఆ తుంపు దానికి ఎంత ఎక్కువో చెప్పలేం. మొదటి రోజుల్లోనే బీపీ దించితే రెటీనా తిరిగి అతుక్కుని కొంత చూపు రావచ్చు. ఆలస్యమైతే ఆ ఆశ సన్నగిల్లుతుంది. అయినా బీపీ దించాలి, కిడ్నీలూ మెదడూ మిగలాలి కదా.

ఇంకో ప్రశ్న కూడా అడగమనండి. ఈ మధ్య దానికి ఏదైనా ఇన్ఫెక్షన్‌కి ఎన్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారా? మన దగ్గర కుక్కలకీ పశువులకీ విరివిగా వాడే యాంటీబయాటిక్ అది. పిల్లులకి రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటితే రెటీనాని కాల్చేయవచ్చు, అప్పుడూ చూపు ఇలాగే ఉన్నట్టుండి పోతుంది.

మీకు తెనాలి నుంచి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి మరీ దూరమేమీ కాదు. పెద్దమ్మగారికి రాజేంద్రనగర్ కాలేజీ ఉంది. ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే ముందు ఫోన్‌లో మూడు అడగండి: ఫ్లోరెసిన్ పట్టీలున్నాయా, కంటి ప్రెషర్ కొలుస్తారా, పిల్లికి బీపీ చూస్తారా. మీకు మొదటిది తప్పనిసరి, పెద్దమ్మగారికి మూడోది. గుండుని సంచిలో కాకుండా మూత ఉన్న బుట్టలో, దాని పాత గుడ్డ వేసి తీసుకెళ్లండి. వాడిన చుక్కల సీసా, మొదటి రోజు నుంచి తీసిన ఫొటోలుంటే అవీ పట్టుకెళ్లండి. కార్నియా జెల్లీలా కరుగుతున్నట్టు కనబడినా, కన్ను ముందుకి ఉబ్బినా పొద్దున్న దాకా ఆగొద్దు.

మెడకి ప్లాస్టిక్ కోన్ వేస్తారు, తీయొద్దు. పుండుని గోరు ఒక్కసారి గీకితే వారం రోజుల మందు వృథా. వేసిన పూట గుండు వెనక్కి నడుస్తుంది, తలుపుకి తగులుకుంటుంది, మిమ్మల్ని శత్రువులా చూస్తుంది. రెండో రోజుకి దాంతోనే గిన్నె దగ్గరికి వస్తుంది, గిన్నె కాస్త ఎత్తు మీద పెట్టండి. నాలుగైదు రోజులకి మళ్లీ తీసుకెళ్లి పచ్చరంగు వేయించండి. కన్ను బాగానే తెరుస్తోంది కదా అని మానేయొద్దు, రంగు అంటకపోతేనే కోన్ తీయమంటారు.